ఇద్దరికి ఒక్క టికెట్

నేల మీద గులాబీ రంగు గీత. గీతకు ఇవతల నేను, అవతల మా ఆయన. మధ్యన మూడడుగులు కూడా లేవు గానీ ఆయన దాన్ని దాటి రావడానికి వీల్లేదు, దాటితే జరిమానా, ఇటు వైపంతా ఆడవాళ్ళ పెట్టె, దుబాయి మెట్రోలో అదొక పద్ధతి. అటు జనం కిక్కిరిసి ఉన్నారని "నువ్వు గాడ గూసోపో, సీట్లున్నయి, యూనియన్ల దిగాలె, నేను సైగ జేస్త" అని నన్ను ఇటు తోసేసి తను అటు పక్క కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. నాకు సీటు దొరికింది. కిటికీ పక్కనే దొరికింది! రైలు కదిలింది, కింద రోడ్డు, రోడ్డు మీద కార్లు, మేం వాటి నెత్తిమీద, డ్రైవరు లేని రైలట ఇది, పొద్దున ఆ మాట చెప్పినప్పుడు నేను ఎక్కనంటే ఎక్కనన్నాను, ఇప్పుడు మూడోసారి ఎక్కాను, ఇంకో పదిసార్లయినా ఎక్కుతాను. చీర కుచ్చిళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి, సముద్రం తడి, ఏసీ గాలికి కాళ్ళు జివ్వుమంటున్నాయి, కాలివేళ్ళ సందుల్లో ఇసుక గరగరమంటోంది, కడుక్కోబుద్ధి కాలేదు, మా ఊరు కోనరావుపేట దాకా తీసుకుపోవాలనుంది ఆ ఇసుకని.

గంట ప్రయాణమట యూనియన్ స్టేషను దాకా. ఆ గంటలో నేను ఒక మాట అనుకోవాలి. ఒకే ఒక్క మాట. పొద్దున చొక్కా గుండీలు పెట్టుకుంటూ అద్దంలోంచి నన్ను చూసి ఎంత నెమ్మదిగా అడిగాడు! "సుమా, రేపు పొద్దుగాల ఆఫీసుల అడుగుతరు. ఇంకో రెండేండ్లంటే సంతకం బెట్టాలె. లేదంటే వీసా క్యాన్సల్ గొట్టి ఇంటికి దోలుతరు. ఏం జెప్పమంటవు?" నేను బిత్తరపోయాను. "నన్నడుగుతవేందయ్యా?" "ఏడుసార్లు నేనే జెప్పిన. గీసారి నువ్వు జెప్పు. ఇయ్యాల్టి తిరుగుడు అయిపోయేదాంక ఆలోచించుకో. మహిపాల్ ముంగట గాదు, మనిద్దరమే ఉన్నప్పుడు జెప్పు." మహిపాల్ అంటే గొల్లపల్లి ఆయన, ఇక్కడ డ్రైవరు, పెళ్ళాం మాధవితో కాపురం ఉంటాడు, మా ఆయన ఉండే క్యాంపులో ఆడవాళ్ళని రానివ్వరు కాబట్టి ఈ పది రోజులకి వాళ్ళింట్లోనే మాకు ఒక గది ఇచ్చారు. యూనియన్లో దిగి పచ్చ రంగు లైను రైలు మారితే వాళ్ళ స్టేషను, అక్కడ మహిపాల్ నిలబడి ఉంటాడు. అంటే చెప్పాల్సింది యూనియన్లోనే. సరే, చూద్దాం, ఇంకా గంట ఉంది, ముందు కిటికీలోంచి చూడనీ.

ఎంత పొద్దున బయల్దేరాం! మహిపాల్ కారులో తిప్పుతానన్నాడు, ఈయన వద్దన్నాడు, "మేమే పోతం, బస్సుల పోతం" అన్నాడు, నేను విన్నది నిజమేనా అని ఆయన మొహం చూశాను. బస్సా? మనం బస్సెక్కుతామా? ఎంత విచిత్రమో నాకే తెలుసు. పెళ్ళయి పద్నాలుగేళ్ళు, ఆయన ఛుట్టీ మీద ఇంటికి వచ్చింది ఏడుసార్లు, వచ్చిన ప్రతిసారీ రెండు నెలలు, ఈ ఏడు ఛుట్టీల్లో మేమిద్దరం కలిసి ఒక్కసారి కూడా బస్సెక్కలేదు. ఎక్కనివ్వరు. దుబాయి నుంచి వచ్చినవాడు బస్సెక్కితే ఊళ్ళో పరువు పోతుంది. మా అత్త నాగవ్వ అయితే వాకిట్లో నిలబడి అనేది, "దుబాయోడు బస్సుల పోతే ఊరోళ్ళు ఏమనుకుంటరు? క్యాన్సలై అచ్చిండనుకుంటరు!" అందుకని వేములవాడ పోయినా, కోరుట్లలో పెళ్ళికి పోయినా కారు మాట్లాడాల్సిందే, కారు మాట్లాడాక ఖాళీగా ఎందుకు పోవడం అని ఆడబిడ్డ, ఆడబిడ్డ పిల్లలు, పక్కింటి ముసలమ్మ, ఈయన ముందు డ్రైవరు పక్కన చలవ అద్దాలు పెట్టుకుని, నేను వెనక ఒళ్ళో ఇద్దరు పిల్లలతో, ఒకడు నా భుజం మీద వాంతి చేసుకుంటూ. పద్నాలుగేళ్ళుగా నేను చూసింది ఆయన మెడ వెనక భాగం. ఆ మెడ మీద పుట్టుమచ్చ నాకు ఎంత బాగా తెలుసో! పక్కన కూర్చుంటే ఎలా ఉంటాడో పొద్దున తెలిసింది, కిటికీలోంచి చూస్తూ పెదాలు కదుపుతాడు, బోర్డులన్నీ లోపల్లోపల చదువుకుంటాడు చిన్నపిల్లాడిలా.

అయ్యో, ఆ బస్సు సంగతి గుర్తొస్తే ఇప్పటికీ నవ్వాగట్లేదు, పక్కనున్న ఫిలిప్పీన్ పిల్ల నావైపు చూసి తనూ నవ్వింది, ఎందుకో తెలీకుండానే. ఏం జరిగిందంటే, బస్సాగింది, ముందున్నవాళ్ళందరూ ఒక్కొక్క కార్డు తీసి తలుపు దగ్గరున్న మిషనుకి ఆనించి టింగు టింగుమని లోపలికి పోతున్నారు, నా వంతు వచ్చింది, అలవాటు చొప్పున చెయ్యి పర్సులోకి పోయింది, నేను నా ఆధార్ కార్డు తీసి మిషనుకి ఆనించాను. టింగు మనలేదు. ఇటు తిప్పి ఆనించాను. అటు తిప్పి రుద్దాను. డ్రైవరు, పాకిస్తాన్ ఆయనట, వంగి చూసి "యే క్యా హై బహెన్?" అన్నాడు. "ఆధార్!" అన్నాను ధీమాగా, ఆయన మొహం ముందు పెట్టి, ఫొటో కనిపించేలాగ, మా సిరిసిల్ల బస్సులో కండక్టరుకి చూపించినట్టే. వెనకనుంచి మా ఆయన "గది గాదే, గది గాదే!" అని నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగి, తను కొనిచ్చిన కార్డు ఆనిస్తే అప్పుడు టింగుమంది. సీట్లో కూర్చున్నాక ఇద్దరం నవ్వాం చూడండి, కడుపులో నొప్పి పుట్టేదాకా, ఆయన కళ్ళలో నీళ్ళొచ్చాయి. "ఇంటికాడ గిట్లనే జూపిస్తరా?" "మరి! ఆడోళ్ళకు ఫిరీ గద. ఆధార్ జూపిస్తే జీరో టికెట్ కొడుతడు." "నిజంగనే?" "నీకెట్ల దెలుస్తది, నువ్వు బస్సెక్కితే గద!" ఫోన్లో చూశాడట, వార్తల్లో చూశాడట, నమ్మలేదట.

ఆయనకి ఇంటి దగ్గర సంగతులన్నీ ఫోన్లో చూసినవే. మా బిడ్డ సుస్మిత నడక నేర్చింది ఫోన్లో, ఏడో తరగతికొచ్చింది ఫోన్లో. నాకు ఇక్కడి సంగతులూ అంతే. పద్నాలుగేళ్ళుగా దుబాయి దుబాయి అంటే ఎత్తైన మేడలూ మెరుపులూ అనుకున్నాను, ఈయన వాటి మధ్య దర్జాగా తిరుగుతుంటాడనుకున్నాను, మధ్యాహ్నం తెలిసింది, సముద్రం ఒడ్డున సర్వపిండి తింటుంటే. పొద్దున్నే మాధవి వంటింట్లో నేనే చేశాను, నువ్వులు, వెల్లుల్లి దట్టంగా వేసి, రేకు కాగితంలో చుట్టుకుని వచ్చాం. తింటూ తింటూ అడిగాను, "గీ సముద్రం కాడికి ఎన్నిసార్లచ్చినవు?" ఆయన నములుతూ నములుతూ ఆగి, "గిదే ఫస్ట్" అన్నాడు. "ఏంది?" "క్యాంపు, సైటు. సైటు, క్యాంపు. సెలవునాడు బట్టలు, వంట, నిద్ర. గింత దూరం ఎవడస్తడు?" అంటే నాకెంత తెలుసో ఈ ఊరు, ఆయనకీ అంతే తెలుసు! పొద్దున్నుంచి తెలిసినవాడిలా ముందు నడుస్తూ, ప్రతి స్టేషన్లోనూ మ్యాపు ముందు ఆగి నేను చూడకుండా వేలితో గీతలు గీసుకుంటూ. దొంగ! నేను సర్వపిండి పక్కన పెట్టి, చెప్పులు విడిచి ఆయన చేతికిచ్చి, నీళ్ళలోకి పరిగెత్తాను. అల వచ్చి మోకాళ్ళ దాకా కొట్టింది, కెవ్వున అరిచాను, ఇంత పెద్దదాన్ని, బిడ్డ తల్లిని, అరుస్తూనే ఉన్నాను. "నువ్వూ రా!" అంటే ఆయన ఒడ్డునే నా చెప్పులు, తన బూట్లు రెండు చేతుల్లో పట్టుకుని నిలబడి, అటూ ఇటూ చూసి, చివరికి వాటితోపాటే నీళ్ళలోకి వచ్చేశాడు.

రైలు ఆగింది, దిగేవాళ్ళు దిగారు, ఎక్కేవాళ్ళు ఎక్కారు, గీత అవతల ఇంకా జనం. ఆయన ఉన్నాడా? ఉన్నాడు. ఇద్దరు పొడుగాటి మనుషుల మధ్యనుంచి నన్ను చూసి వేళ్ళు చూపించాడు, పది, మళ్ళీ నాలుగు. ఇంకా పద్నాలుగు స్టేషన్లని. సరే అని తలూపాను. మాట ఇంకా అనుకోలేదు.

నిజం చెప్పాలా? పొద్దున ఆయన అడిగినప్పుడు నా మనసులోకి ముందుగా వచ్చింది "రెండేండ్లు" అనే మాట. నాకే సిగ్గేసింది. కానీ వచ్చింది. ఎందుకు రాదు? ఇంట్లో పెత్తనం నాది. ఎప్పుడు లేవాలో, ఏం వండాలో, సుస్మిత ఏ బడికి పోవాలో, మడిలో ఏం వెయ్యాలో అన్నీ నేనే. ఆయన ఇంట్లో చుట్టం. చుట్టం వస్తే సంబరం, ఇల్లంతా అత్తరు వాసన, రెండు నెలలు కోళ్ళు కోసుడు, కానీ నలభై రోజులు దాటితే ఆయనకీ తోచదు, నాకూ తోచదు. పోయిన ఛుట్టీలో బీడీలు చుట్టే నా చేట తీసుకుపోయి అటకమీద పెట్టాడు, అడ్డంగా ఉందట, నేను ఆ చేట ముందు పద్నాలుగేళ్ళు కూర్చున్నాను, ఆ రోజు ఇద్దరం అరుచుకున్నాం. ఆయన విమానం ఎక్కిన రోజు నేను చేట కిందికి దించుకుని, మళ్ళీ కిటికీ దగ్గర పెట్టుకుని, హమ్మయ్య అనుకున్నాను. అనుకున్నందుకు మూడు రోజులు ఏడ్చాను. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. చుట్టం వచ్చి ఇక పోనంటే ఎలా ఉంటుంది? పొద్దున లేస్తే ఎదురుగా ఉంటాడు. ఏం పని చేస్తాడు? షట్టరింగు, అదే స్లాబులకి చెక్కలు కొట్టే పని, అది తప్ప ఏమీ రాదంటాడు. జగిత్యాలలో అపార్టుమెంట్లు లేస్తున్నాయి, కోరుట్లలో లేస్తున్నాయి, వాటికి షట్టరింగు కొట్టడానికి బీహారు నుంచి పిల్లలు వస్తున్నారు, మా మనిషేమో ఇక్కడికి వచ్చి కొడుతున్నాడు, ఎవరిల్లు ఎవరు కడుతున్నారో ఈ లోకంలో. పని దొరుకుతుంది, దొరకదని కాదు. పని గురించి కాదు నా భయం. మేమిద్దరం ఒకరికొకరు అలవాటే లేదు, అదీ భయం.

అదుగో, ఆ పెద్ద మేడ! పెట్టెలో ఉన్నవాళ్ళందరూ ఫోన్లు పైకి లేపారు, పిల్లలు అద్దానికి ముక్కులు అదిమారు, నేనూ చూశాను, మెడ పట్టేసేంత ఎత్తు, సాయంత్రం ఎండలో తళతళలాడుతోంది. ఆయనకి చూపిద్దామని తిరిగితే ఆయన అటు చూడట్లేదు. ఎదురు కిటికీలోంచి ఇంకేదో చూపిస్తున్నాడు నాకు, చెయ్యెత్తి, అదీ అదీ అని. దేన్ని? నీలం అద్దాల మేడ, దాని పక్కన బూడిదరంగుది, అది! ఒక చేతివేళ్ళు చూపించాడు, మళ్ళీ చూపించాడు, మళ్ళీ, తరవాత ఒకటి. పదహారు. పదహారో అంతస్తు. ఇక్కడే పని చేశాడన్నమాట, ఆ పదహారో అంతస్తులో! రెండు చేతులతో సుత్తి కొట్టినట్టు అభినయించాడు, పక్కనున్న తెల్ల బట్టల అరబ్బాయన కాస్త జరిగాడు. నాకు ఎంత గర్వం వేసిందో చెప్పలేను, ఆ పెట్టెలో ఉన్నవాళ్ళందరికీ వినపడేలా మా ఆయనే కట్టాడు అది అని అరవాలనిపించింది. మేడ వెనక్కి పోయింది. పోయినా ఆయన తల తిప్పి దాన్నే చూస్తున్నాడు. ఇంతకుముందు సైటులో ఉన్నప్పుడు దానికి అద్దాలు లేవేమో, దీపాలు లేవేమో, కట్టడం అయిపోయాక వాళ్ళని లోపలికి ఎవరు రానిస్తారు?

నా చేతిలో ఏదో ఉంది, చూస్తే సముద్రం దగ్గర నిమ్మరసం తాగినప్పటి కాగితం, నా వేళ్ళు దాన్ని వాటంతటవే చుట్టేశాయి, కొస మడిచి, సన్నగా, నున్నగా, అచ్చంగా బీడీ. ఫిలిప్పీన్ పిల్ల కళ్ళు పెద్దవి చేసి చూస్తోంది. ఆమెకి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి "వెరీ నైస్" అంది, దాచుకుంది కూడా. నాకు ఏనుగెక్కినంత సంతోషం.

చందుర్తి మొగుడూపెళ్ళాలిద్దరు గుర్తొస్తున్నారు ఎందుకో. సోమవారం సోమవారం నేను సిరిసిల్ల బ్యాంకుకో, బడి పనికో పోయే బస్సులో కనిపిస్తారు, పేర్లు కూడా తెలీవు, యాభై ఏళ్ళు ఉంటాయేమో, ఎప్పుడూ డ్రైవరు వెనక రెండో సీటు. కండక్టరు రాగానే ఆమె ఆధార్ చూపించి గట్టిగా అంటుంది, "నాకు జీరో. గీయినకు గొట్టు." అనగానే బస్సులో ఆడవాళ్ళంతా నవ్వుతారు. ఆయన విసుక్కుంటూ జేబులో చెయ్యి పెడతాడు. "గీ సర్కారు మొగోళ్ళను ఆగం జేసింది" అంటాడు. ఆమె "మస్తు జేసింది" అంటుంది. ప్రతిసారీ అవే మాటలు. ఇద్దరికి ఒక్క టికెట్. ఆమె ఆ టికెట్టు ఆయన చేతిలోంచి లాక్కుని గాజుల సందున దోపుకుంటుంది. వాళ్ళని చూసినప్పుడల్లా నాకు కడుపులో మండేది. బంగారం వేసుకున్నవాళ్ళని చూస్తే మండలేదు, కార్లలో పోయేవాళ్ళని చూస్తే మండలేదు, ఆ ఒక్క టికెట్టుని చూస్తే మండేది. వాళ్ళేం మాట్లాడుకునేవాళ్ళు? ఎరువు బస్తాల గురించి, మోకాళ్ళ నొప్పి గురించి. ఒకసారి సిరిసిల్ల దాకా దెబ్బలాడుకుంటూనే వచ్చారు, దిగేటప్పుడు ఆమె సంచి ఆయనే అందుకున్నాడు. మరి వాళ్ళకి అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చింది? బస్సెక్కీ బస్సెక్కీ వచ్చింది. దెబ్బలాడీ దెబ్బలాడీ వచ్చింది. మాకు పొద్దున్నుంచి ఒక్కరోజులో ఎంత వచ్చింది!

చీకటి. ఉలిక్కిపడ్డాను. రైలు నేల కిందికి దూరింది, కిటికీలో ఆకాశం పోయి నా మొహమే కనిపిస్తోంది. బుర్జుమాన్ అని వినిపించింది, అంటే తరవాతది యూనియనే. ఈ రెండింటి మధ్యలోనే పైన ఆ కాలవ ఉంటుందట, పొద్దున చెక్క పడవలో దాటామే, ఆ నీళ్ళ కిందినుంచి పోతున్నాం ఇప్పుడు! పడవకి అంచులు లేవు, నేను భయపడి ఆయన చొక్కా పట్టుకున్నాను, అవతలి ఒడ్డు దాకా వదల్లేదు. నెత్తిమీద నీళ్ళు, ఆ నీళ్ళ మీద పడవ, దానిలో ఇంకెవరో వాళ్ళాయన చొక్కా పట్టుకుని. ఈ సంగతి ఆయనకి చెప్పాలి, ఏడీ, సైగ చేస్తానన్నాడు కదా, చెయ్యట్లేదేం?

నిద్రపోతున్నాడు. నిలబడే. కడ్డీకి నుదురు ఆనించి, నోరు కొంచెం తెరిచి, రైలు ఊగితే తనూ ఊగుతూ, చెయ్యి మాత్రం కడ్డీని వదలకుండా. జనం కొంచెం పలచబడ్డారు, ఒక సీటు ఖాళీ అయినా చూసుకోలేదు. పద్నాలుగేళ్ళలో ఆయన నిద్రపోతుంటే నేను తీరిగ్గా చూసింది లేదు, ఇంట్లో నేను లేచి పనిలో పడ్డాకే కదా ఆయన లేచేది. చెవి పక్కన వెంట్రుకలు ఎప్పుడు నెరిశాయి? ఫోన్లో కనపడవు. "నెక్స్ట్ స్టేషన్" అంటోంది గొంతు. నేను సంచీ పట్టుకుని లేచాను. గులాబీ గీత దాటాను. ఆడవాళ్ళు దాటవచ్చు, దాటితే ఏమీ అనరు. ఊళ్ళో నలుగురిలో ఎన్నడూ ముట్టుకోని మనిషిని భుజం మీద చెయ్యి వేసి కుదిపాను.

"లే. అచ్చింది."

"ఆగయా క్యా?" అన్నాడు కళ్ళు తెరవకుండానే, హిందీలో, నాకు తెలీని గొంతుతో. అంటూనే ఖాళీగా ఉన్న చెయ్యి కిందికి పోయింది, కాళ్ళ దగ్గర తడిమింది, దేనికోసమో వెతుక్కుంది. నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తరవాత అర్థమైంది. హెల్మెట్ కోసం. ఎన్ని తెల్లవారుజాములు ఇలా నిలబడి నిద్రపోతూ పోయాడో, సైటు వచ్చిందని ఎవడో కుదిపితే ఇలాగే లేచి, ఇలాగే హెల్మెట్ తీసుకుని దిగాడో. ఆయన చేతికి నా సంచీ తగిలింది. సర్వపిండి వాసన తగిలినట్టుంది, కళ్ళు తెరిచి నన్ను చూశాడు. చూసి, ఇది సైటు కాదని తెలిసి, మొహమంతా నవ్వాడు. ఆ నవ్వు నేను జన్మలో మరిచిపోను.

దిగాం. మెట్లు వాటంతటవే పైకి పోతున్నాయి, పొద్దున వాటిని చూసి కళ్ళు మూసుకున్నదాన్ని, ఇప్పుడు నేనే ముందు కాలు పెట్టి ఆయన్ని లాగాను. పచ్చ లైను ప్లాట్‌ఫాం మీద నిలబడ్డాం. రైలుకి రెండు నిమిషాలుందని బోర్డు మీద వస్తోంది. ఆయన బోర్డునే చూస్తున్నాడు, పెదాలు కదుపుతూ. నాకు సముద్రంలోకి ఉరికేటప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. పర్సు తీసి ఆధార్ కార్డు బయటికి లాగి ఆయన కళ్ళ ముందు పెట్టాను.

"మళ్ళేంది గిది?" అని నవ్వాడు.

"ఇంటికాడ బస్సుల నాకు జీరో" అన్నాను. "నీ ఒక్కనికే గొట్టియ్యాలె. ఇద్దరికి ఒక్క టికెట్."

నవ్వు ఆగిపోయింది. కార్డుని చూశాడు, నన్ను చూశాడు. "క్యాన్సలా?"

"క్యాన్సలే."

"మరి అమ్మ? దుబాయోడు బస్సెక్కిండంటరు."

"రేపటిసంది నువ్వు దుబాయోనివి గాదు గద."

"సుమా, నేను మొత్తం ఇంట్లనే ఉంటె నీకు తిప్పలయితది."

"అయితది" అన్నాను. "నా చేట ముట్టుకుంటే మళ్ళ లొల్లే. సోమవారం సిరిసిల్ల పోయేదాంక బస్సుల లొల్లి పెట్టుకుందాం."

ఆయన తల వంచుకుని నా తడి కుచ్చిళ్ళని చూశాడు. తరవాత అన్నాడు, "కిటికి కాడ ఎవలు గూసోవాలె?"

"నేనే."

రైలు వచ్చింది. ఆడవాళ్ళ పెట్టె తలుపు నా ఎదురుగానే తెరుచుకుంది, సీట్లన్నీ ఖాళీ. "పో, గూసోపో" అన్నాడు. నేను పోలేదు. ఆయనతో పాటు జనంలోకి ఎక్కి, ఆయన పట్టుకున్న కడ్డీనే పట్టుకున్నాను.